ఎడమ డొక్క నొప్పి

స్ప్లెనైటిస్ అనే మాటను నేను మొదటిసారి తలకిందులుగా చదివాను. నందిగామలో డాక్టరుగారు చీటీ మీద రాస్తుంటే టేబులుకు ఇవతల కూర్చున్న నాకు అక్షరాలు తిరగబడి కనిపించాయి. పాప నా ఒళ్ళో వెక్కుతోంది. అంతకు ముందే ఆయన దాని ఎడమ పక్కటెముకల కింద రెండు వేళ్ళు ఆనించారు. నొక్కలేదు, ఆనించారంతే. నాలుగేళ్ళ పిల్ల ఒళ్ళంతా విల్లులా వంచి కేక పెట్టింది.

“చదవగలిగారా?” అన్నారాయన, రాయడం ఆపకుండానే.

“స్ప్లెనైటిస్ అనేగా అండీ?”

అప్పుడు తలెత్తారు. “ఏం చదివారు?”

“ఇంటరండి. గుంటూరులో. నేచురల్ సైన్సు.”

“అయితే నాకు సగం శ్రమ తప్పింది.”

అయినా చెప్పారు. ఈ మెరక ఊళ్ళలో చలిజ్వరాలు తగిలిన పిల్లలను పడుకోబెట్టి చూస్తే చాలామందికి ప్లీహం పెరిగే ఉంటుందట. చేతికి పలకలా గట్టిగా తగులుతుంది. నొక్కినా పిల్లలు ఏడవరు. జనం బల్ల అనేది దాన్నే. “అది పెరగడం. ఇది పెరగడం కాదు, తాపం. లోపల మంట. చీము పట్టొచ్చు కూడా. రెంటికీ తేడా నొప్పేనమ్మా. నొప్పి ఉంటేనే ఈ మాట రాస్తా. లేకపోతే రాయను.”

మాత్రలు రాసిచ్చారు. డొక్క రుద్దవద్దని, కట్లు కట్టవద్దని, పది రోజులకు మళ్ళీ తీసుకురమ్మని చెప్పారు. లేవబోతుంటే ఇంకో మాట అన్నారు. “పొద్దునా సాయంత్రం పాపనే అడగండి. నొప్పి ఎక్కడుంది, నిన్నటికంటే కిందికి దిగిందా, ఎడం భుజంలోకి ఎక్కుతోందా. నా దగ్గర ఎక్స్‌రే మిషను లేదు. దాని నోటిమాటే నాకు ఎక్స్‌రే.”

జగ్గయ్యపేట బస్సులో పాప నా భుజం మీద నిద్రపోయింది. మడిచి పర్సులో పెట్టుకున్న చీటీని రెండుసార్లు తీసి చూసుకున్నాను. కాలేజీలో మా లెక్చరరు ఒకావిడ బోర్డు మీద ఐటిస్ అని రాసి చుట్టూ సున్నా చుట్టి, ఇదొక తోక, దీన్ని ఏ అవయవానికి తగిలిస్తే ఆ అవయవం మండుతున్నట్టు అని చెప్పేవారు. మేం వెనక బెంచీలో కూర్చుని ఆ తోకను ఒకరి ముక్కుకు, ఇంకొకరి జడకు తగిలించి నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు బస్సులో నాకు కలిగింది భయం ఒక్కటే అని రాయాలని ఉంది. కాదు. డాక్టరుగారు నన్ను తనతో సమానంగా కూర్చోబెట్టి మాట్లాడారన్న సంతోషం కూడా ఉంది. పెళ్ళయ్యాక ఐదేళ్ళలో నా చదువును ఎవరూ అలా పలకరించలేదు. నా బిడ్డ రోగం వల్ల నాకు ఆ పలకరింపు దొరికింది. దొరికినందుకు మురిసిపోయాను.

జగ్గయ్యపేటలో మాది రెండు గదుల పెంకుటిల్లు. మలేరియా వాళ్ళు వచ్చి మందు కొట్టి పోయిన తెల్లటి చారలు గోడల మీద ఇంకా ఉన్నాయి. మావారు వత్సవాయి దగ్గర పల్లెలో టీచరు, సైకిలు మీద వెళ్ళి వస్తారు. మా అత్తయ్య పుట్టిల్లు సరిహద్దు అవతల, నైజాం వైపు. ఆ యాస ఆమెను ఎన్నడూ వదల్లేదు. నాట్లకు, కలుపులకు వెళ్ళి ఒక్క కొడుకును టీచరు ట్రైనింగు దాకా చదివించిన మనిషి. చదువు రాదు గాని మా ఏసుప్రభువు గుడిలో పాడే పాటలన్నీ నోటికి వచ్చు. పాప అంటే ప్రాణం.

గుమ్మంలోనే ఎదురొచ్చింది. “ఏమన్నడు బిడ్డా డాక్టరు?”

పాప బరువుకు భుజం లాగేస్తోంది. చెప్పులు ఇంకా విప్పలేదు. ప్లీహమని, తాపమని, పెరగడం వేరు ఇది వేరని ఆ గుమ్మంలో నిలబడి చెప్పే ఓపిక లేకపోయింది.

“బల్ల అన్నారత్తయ్యా,” అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. “ఓస్, బల్లేనా! ఏం మాయరోగమో అని పొద్దుగాల్నించి ప్రభువును పట్టుకోని ఏడుస్తున్న.”

“రుద్దకూడదన్నారు.”

“బల్లకు రుద్దుడేందే? వాత గాని!” అంటూ పైట పక్కకు జరిపి తన ఎడమ డొక్క చూపించింది. వరసగా మూడు నల్లటి మచ్చలు. అలాంటివే మూడు మావారికీ ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో అవేమిటని అడిగితే, “నా మొదటి సర్టిఫికెట్లు. మా అమ్మ ఇప్పించింది,” అని నవ్వారు.

సాయంత్రం మావారు వచ్చాక చీటీ చూపించాను. ఆయనకు మాటలంటే ఇష్టం. బడిలో ఉన్న పాత నిఘంటువులో వెతికి మర్నాడు చెప్పారు, ప్లీహశోథ అని. “శోథ అంటే వాపు. చూశావా, మన భాషలోనూ మాట ఉంది.” ఆ మాటను ఇద్దరం నాలుగైదుసార్లు పలికి చూసుకున్నాం. మధ్యలో పిల్ల జ్వరంతో పడుకుని ఉంది.

“అత్తయ్యకు తేడా చెప్పండి. నేను బల్ల అనేశాను,” అన్నాను.

“చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.”

“మీ అమ్మగారు కదా.”

“చెప్దాంలే.”

ఇద్దరం చెప్పలేదు.

డాక్టరుగారు అన్నట్టే రెండు పూటలా పాపను అడిగేదాన్ని. మొదట చిరాకుపడింది గాని తర్వాత దానికి అదొక ఆటైపోయింది. గౌను పైకెత్తి చూపుడు వేలితో డొక్క మీద గీత గీసి చూపించేది. “ఇదిగో, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా. నిన్న ఇంత, ఇవాళ ఇంత.” నేను పాత నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. పక్కింటివాళ్ళు వస్తే అడగకపోయినా గౌను ఎత్తి చూపించేది. అంత చిన్నపిల్ల అంత కచ్చితంగా చెప్తుంటే నాకు ముచ్చటేసేది.

ఆరు రోజులు గడిచాయి. మాత్రలు చేదు. సగం కక్కేది, సగం మింగేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది. అత్తయ్య మొదట్లో ఒకటి రెండుసార్లు వాత మాట ఎత్తి ఊరుకుంది. తర్వాత పూటపూటకూ ఎత్తడం మొదలుపెట్టింది. పక్కింటావిడ గోడ అవతలి నుంచి, నాకు వినబడేలాగే, ఎవరితోనో అంది. “తల్లి చదువుకుంది కాబట్టి ఇంకా మాత్రలు మింగిస్తోంది. మనలాంటోళ్ళమైతే ఈపాటికి పిల్ల వీధిలో ఆడుకుంటా ఉండేది.”

శనివారం సాయంత్రం మావారు సైకిలు గోడకు ఆనిస్తూ తల పక్కకు తిప్పుకుని అన్నారు. “వేయిద్దామంటోంది అమ్మ. నాకూ వేశారుగా, చచ్చానా?”

“మీకు నొప్పి లేదండీ. మీది ఉత్త బల్ల. దీనికి నొప్పి ఉంది. డాక్టరుగారు చెప్పింది అదే.”

అత్తయ్య లోపలి నుంచి వచ్చింది. “నొప్పి ఉంటేనే గదనే వాత! నొప్పి లేకపోతే ఎందుకేస్తరు?”

“వద్దత్తయ్యా, ఇంకో నాలుగు రోజులు చూద్దాం,” అన్నాను. ఇక్కడ ఒక నిజం రాయాలి. ఆరు రోజుల మాత్రలు ఏమీ చేయలేకపోయాయి. వాతలో ఏదైనా ఉందేమోనన్న ఆశ నాలోనూ ఉంది. వాళ్ళు బలవంతం చేశారని చెప్పుకోవడానికి వీలుగా నేను కాసేపు వద్దన్నాను, అంతే.

వాతలు వేసే ముసలమ్మ వత్సవాయి వైపు నుంచి ఆదివారం తెల్లవారకముందే వచ్చింది. ఆదివారమే వేయాలి, ఎండ పొడవకముందే, పరగడుపున. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. పక్కటెముకల కింద చెయ్యి పెట్టి తడిమి చూడను కూడా చూడదు. పిల్లలను అడిగి తెలుసుకుంటుంది. దీపం ముందు గొంతుక్కూర్చుని, పసుపుకొమ్మును ఆముదంలో ముంచి మంట మీద కాలుస్తూ నా వైపు చూసింది.

“కాళ్ళు నువ్వు పట్టాలమ్మా. కన్నదే పట్టాలి. ఇంకొకళ్ళు పడితే పని చెయ్యదు.”

మావారు చేతులు పట్టుకున్నారు. నేను కాళ్ళు పట్టుకున్నాను. పాపకు భయం లేదు. రోజూ అడిగేవాళ్ళలో ఈవిడ కూడా ఒకత్తె అనుకుంది.

“నా బంగారు తల్లి, నొప్పి ఎక్కడే? వేలెట్టి చూపియ్యి, తీసుకుపోతా.”

నేను నేర్పినట్టే పాప గౌను ఎత్తింది. వేలితో గీత గీసి చూపించింది. “ఇక్కడి నుంచి ఇక్కడిదాకా. ఇక్కడ ఎక్కువ.” ఎక్కువ అన్న చోటే మొదటిది పడింది.

మూడు వాతలకు ఎంతసేపు పట్టిందో తెలియదు. నా చేతుల్లో దాని కాళ్ళు ఎంత బలంగా తన్నాయో మాత్రం చెప్పగలను. వారం రోజులుగా తిండి లేని పిల్లకు అంత బలం ఎక్కడిదో. రెండోది పడ్డాక “అమ్మా, నొప్పి పోయింది, పోయింది” అని అరిచింది. ముసలమ్మ నవ్వింది. “చూశావా, పోయిందంటోంది. ఇంకొక్కటే నాన్నా.”

వెళ్తూ వెళ్తూ చెప్పింది, “తొమ్మిది రోజులు ఇంగ్లీషు మందు పడగూడదు. పడిందా, వాత వికటిస్తది.”

అత్తయ్య, మావారు స్నానాలు చేసి గుడికి వెళ్ళారు. సాయంత్రం గుడి అయ్యగారు ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చారు. ప్రార్థనయ్యాక దుప్పటి కొంచెం ఎత్తి చూశారు. “మా నాయనమ్మ కూడా వేసేదమ్మా,” అని మెల్లగా కప్పారు.

మాత్రల పొట్లం గూట్లో పైన పెట్టింది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. మావారు బడికి వెళ్ళాక, అత్తయ్య నీళ్ళకు వెళ్ళాక, ఎవరికీ తెలియకుండా ఇవ్వగలను. ఇవ్వలేదు. ఇచ్చాక ఏమైనా జరిగితే అది నేనిచ్చిన మందు వల్ల జరిగినట్టు అవుతుంది. ఇవ్వకపోతే ఎవరి వల్లా కాదు. అలా లెక్క వేసుకున్నాను. నా బిడ్డ ప్రాణం ఒకవైపు ఉంటే నేను ఇంకోవైపు నిందను పెట్టి తూచాను.

మంగళవారం పొద్దున ఎప్పటిలాగే అడిగాను. “నొప్పి ఎక్కడమ్మా?”

పాప గౌను ఎత్తలేదు. రెండు చేతులతో కిందికి లాగి పట్టుకుంది. “లేదు.”

“కొంచెం కూడా లేదా?”

“లేదు.”

నోటు పుస్తకంలో ‘లేదు’ అని రాశాను. ఆ పుస్తకంలో అదే మొదటిసారి. పరుగెత్తుకెళ్ళి అత్తయ్యకు చెప్పాను. ఆమె ఉన్నచోటే మోకరించింది. మావారు సాయంత్రం బత్తాయిలు తెచ్చారు. పక్కింటావిడ కూడా వచ్చి, “నేను అనలా?” అంది. బుధవారం కూడా లేదంది. ఆ రెండు రోజులూ మా ఇల్లు ఎంతో సంతోషంగా ఉంది. పిల్ల ఒళ్ళు వేడిగానే ఉంది. మూలకు తిరిగి ముడుచుకుని పడుకుంటోంది. ఎడం భుజం మాటిమాటికీ తడుముకుంటోంది. అవన్నీ నేను చూస్తూనే ఉన్నాను. కాని పిల్లే లేదంటోంది కదా.

గురువారం మధ్యాహ్నం వణుకు మొదలైంది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. వాతలు చీము కారుతున్నాయి. నన్ను గుర్తుపట్టలేదు. మావారికి కబురు పెట్టి, ఆయన వచ్చేదాకా కూడా ఆగకుండా, అత్తయ్యను తోడు తీసుకుని నందిగామ బస్సెక్కాను.

డాక్టరుగారు గౌను ఎత్తి చూశారు.

“ఎవరు వేశారు?”

“మా అత్తగారు పిలిపించారండి.”

అత్తయ్య నా పక్కనే నిలబడి ఉంది. నేలకేసి చూసింది.

“మీరెక్కడున్నారు?”

“కాళ్ళు పట్టుకున్నా.”

“మాత్రలు?”

“ఆపేశానండి. నాలుగు రోజులు.”

ఆయన తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఇంజెక్షను చేశారు, పుళ్ళు కడిగించారు. సాయంత్రానికి పాప కళ్ళు తెరిచి నన్ను చూసింది. అప్పుడు దగ్గరకు కుర్చీ లాక్కుని, వాతలు లేని చోట రెండు వేళ్ళు ఆనించారు.

“నొప్పి ఉందా తల్లీ?”

“లేదు.”

పై పెదవి మీద చెమట పట్టింది. కాలివేళ్ళు ముడుచుకున్నాయి. నా గాజులు పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి ఒక గాజు పుటుక్కుమంది.

“ఇక్కడ?”

“లేదు. అస్సలు లేదు. నాకేం లేదు.”

డాక్టరుగారు చెయ్యి తీసేశారు. చీటీ తీసి వెనకటి మాటే మళ్ళీ రాశారు. ఈసారి దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. “అర్థం తెలిసినవాళ్ళే కదా, మళ్ళీ చెప్పక్కర్లేదనుకున్నానమ్మా,” అన్నారు.

నందిగామలోనే ఒక చుట్టాల ఇంట్లో మూడు వారాలున్నాం. రెండు పూటలా ఇంజెక్షన్లు. పిల్ల దక్కింది. జ్వరం తగ్గింది, కూర్చుంది, అన్నం అడిగింది. ఇంటికి బయలుదేరిన రోజు డాక్టరుగారు అన్నారు. “చల్లారిందనే అనుకుంటున్నా. లోపల ఎక్కడైనా మిగిలి ఉంటే మళ్ళీ వస్తుంది. వస్తే మొదటి రోజే తెలియాలి. చీము పట్టాక తెలిస్తే బెజవాడ తీసుకెళ్ళినా చెప్పలేం. తెలియడానికి మనకున్నది ఒక్కటే దారి.” ఆయన పాప వైపు చూశారు.

ఆ రోజు బస్సులో అత్తయ్య పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలా దూరం వచ్చాక నా వైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

“నాకు తెల్వక చేసిన బిడ్డా. నీకు తెలుసు గదా. నువ్వెట్ల పట్టినవే కాళ్ళు?”

ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో పాపకు మూడుసార్లు జ్వరం వచ్చింది. మూడూ ఉత్త జలుబు జ్వరాలే అన్నారు. అవునో కాదో నందిగామ దాకా వెళ్ళి ఒకటి రెండు రోజులు ఉంటే గాని తెలియదు. ఎక్కడ నొప్పి అని ఎవరు అడిగినా దాని జవాబు ఒకటే. మొన్న అరుగు మీద నుంచి పడి మోకాలు చిట్లి రక్తం కారుతుంటే, నేను చూడకముందే గౌను కిందికి లాగేసి, “నొప్పి లేదమ్మా,” అంది. చెవిపోటు వచ్చి దిండు తడిసేదాకా ఏడ్చిన రోజు కూడా ఎందుకు ఏడుస్తున్నావంటే “ఊరికే” అంది. అత్తయ్య గుడ్డతో బొమ్మ కుట్టి ఇచ్చింది. ఒక రోజు బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, “పాపాయికి నొప్పి ఎక్కడుందో అడిగి చెప్పవే,” అన్నాను. బొమ్మను నా చేతిలోంచి లాక్కుంది. “దానికి కూడా లేదు,” అని వెళ్ళి మంచం కింద దాచిపెట్టింది.

వాతలు ఇంకెప్పుడూ వేయించం అని చెప్పి చూశాం. మావారు ఒట్టు వేశారు. అత్తయ్య బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పింది. పాప అన్నీ విని తలూపుతుంది. మర్నాడు అడిగితే లేదంటుంది. నన్ను చూస్తే భయమా అంటే అదీ కాదు. నా పక్కలోనే పడుకుంటుంది, నా చేత్తోనే అన్నం తింటుంది. ఆ ఒక్క సంగతి మాత్రం నాకు చెప్పదు. చెప్తే ఏం జరిగిందో దానికి గుర్తుంది.

అందుకని ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాప బాగా నిద్రపోయేదాకా మేలుకుని ఉంటాను. అప్పుడు దీపం దగ్గరకు జరుపుకుని, ఆ మూడు మచ్చల పక్కన వేళ్ళు ఆనించి ముఖంలోకి చూస్తాను. కనుబొమ్మ ముడిపడుతుందా, పెదవి వణుకుతుందా అని. నిద్రలో ఎవరూ అబద్ధం చెప్పరు కదా అనుకున్నాను. మొదట్లో కొన్ని రోజులు పనిచేసింది. ఒకసారి చూశాక మళ్ళీ చూసేలోపు నిద్ర పట్టక ఇలా రాసుకుంటూ కూర్చుంటాను. మావారు అవతలి గదిలో పడుకుంటారు, పొద్దున్నే సైకిలు తొక్కాలి గనక.

నిన్నటి నుంచి మళ్ళీ జ్వరం. సాయంత్రం పిల్ల ఎడం చెయ్యి కదపకుండా కుడిచేత్తోనే ఆడుకుంటోంది. భుజమా, చెయ్యా, ఏమీ కాదా? అడిగాను. లేదంది.

ఇందాక దీపం తీసుకెళ్ళి వేళ్ళు ఆనించాను. కడుపు పలకలా బిగిసింది. ఊపిరి ఆగింది. లోపల వాపుకు బిగిసిందో, నా చేతికి బిగిసిందో తెలియలేదు. కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోతోందో, నిద్రపోతున్నట్టు ఉందో అదీ తెలియలేదు. చెయ్యి తీసేదాకా ఊపిరి వదల్లేదు.

అత్తయ్య లేచి గుమ్మంలో నిలబడింది. “ఏమన్నా తెలిసిందా బిడ్డా?” అని గుసగుసగా అడిగింది.

“ఏం తెలియలేదత్తయ్యా.”

ఆమె పాప బట్టలు రెండు జతలు సంచిలో సర్దుతోంది. మొదటి బస్సు ఆరింటికి. నొప్పి ఎక్కడని డాక్టరుగారు అడుగుతారు. పాప లేదంటుంది. జవాబు కోసం ఆయన నా ముఖంలోకి చూస్తారు.